గోనెపట్టా మీద మూడు రూపాయి బిళ్ళలు

హైదరాబాద్ పురానాపూల్ దగ్గర ప్రతి గురువారం జుమ్మెరాత్ బజార్ పెడతారు. ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారమే. తాళంచెవి లేని తాళాలు, తాళం లేని తాళంచెవులు అక్కడ ఒకే పట్టా మీద దొరుకుతాయి. ఇత్తడి పంపులు, ఒక చెవికే పనిచేసే ఇయర్‌ఫోన్లు, ఎవరి పెళ్ళిలోనో చదివింపుగా వచ్చి పేర్లు చెక్కి ఉన్న స్టీలు గిన్నెలు కనిపిస్తాయి. ఆ సామాన్ల మధ్య ఎక్కడో ఒక సత్తు పళ్ళెంలో పాత నాణేలు పోసి ఉంటాయి. నాలాంటివాళ్ళ కాళ్ళు అక్కడ ఆగిపోతాయి.

ఆ పళ్ళెంలోంచి మూడు వెండి రూపాయలు ఏరి పక్కన పెట్టామనుకుందాం. ఒకటి 1918ది, ఇంకొకటి 1911ది, మూడోది 1939ది. మూడూ ఒకే సైజు, ఒకే బరువు, చేతికి ఒకేలా చల్లగా తగులుతాయి. మొదటి రెంటి మీద ఐదో జార్జి తల, మూడోదాని మీద ఆరో జార్జి తల. అమ్మేవాడు "పక్కా వెండి అన్నా, ఏది తీసుకున్నా ఒకటే రేటు" అంటాడు. వెండి లెక్కలో అతను చెప్పింది నిజమే. సేకరించేవాళ్ళ లెక్కలో మాత్రం ఈ మూడింటి మధ్య నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఇది ఎందుకో అర్థమైతే పాత నాణేల ధరల చిక్కుముడి సగం విడిపోతుంది. (నిజానికి ఈ మూడూ ఒకే పళ్ళెంలో నాకెప్పుడూ దొరకలేదు. దొరికితే సంతోషించే ముందు అనుమానించాలి. కారణం ముందు ముందు చెబుతాను.)

1918తో మొదలుపెడదాం. బ్రిటిష్ ఇండియా రూపాయి సరిగ్గా ఒక తులం తూగుతుంది, అంటే 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం వెండి, మిగతాది రాగి. మన ముత్తాతలు తులాల లెక్క చూడటానికి రూపాయి బిళ్ళనే త్రాసులో వేసేవాళ్ళంటే ఇదే కారణం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి నుంచి సైన్యమూ సరుకూ బ్రిటన్ కోసం తరలిపోయాయి. వాటికి ఇక్కడ చెల్లించాల్సింది రూపాయల్లో. కాగితం నోటు మీద జనానికి నమ్మకం తక్కువ కాబట్టి చేతికి వచ్చిన వెండి రూపాయి చేతికే అంటుకుపోయేది. కుండలో పడేది, గోడలో పడేది, లేకపోతే నగగా మారేది. టంకశాలలు రాత్రింబవళ్ళు కొట్టినా చాల్లేదు. చివరికి 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలోని 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. అందులో సింహభాగం బ్రిటన్ కొన్నది, భారత్ కోసం. 1918, 1919, 1920 రూపాయల్లో మన చేతికి దొరికేదానిలో ఒకప్పటి అమెరికా డాలరు కూడా కలిసి ఉండే అవకాశం ఉందన్నమాట.

కథ ఎంత గొప్పదైనా ఫలితం ఒక్కటే: 1918 రూపాయలు కోట్ల కొద్దీ పుట్టాయి. మన దేవుడి గదుల్లో, బీరువా అరల్లో, లక్ష్మీపూజ పళ్ళేల్లో ఉన్న "రాజు రూపాయలు" ఎక్కువగా ఈ కాలానివే. వందేళ్ళు దాటినా మామూలుగా అరిగిన 1918 రూపాయికి వెండి ధర మీద కాస్త పైన పలికితే అదే ఎక్కువ. లెక్క సులువు. 11.66ను 0.917తో గుణిస్తే దాదాపు 10.7 గ్రాముల స్వచ్ఛమైన వెండి వస్తుంది. ఆ రోజు గ్రాము రేటుతో దాన్ని గుణించి చూసుకోండి. అది ఆ నాణేనికి నేలమట్టం, అంతకంటే కిందికి పోదు.

1911 రూపాయి కథ వేరు. ఐదో జార్జి గద్దెనెక్కాక వచ్చిన మొదటి రూపాయి ఇది. రాజు వేసుకున్న అంగీ మీద హారంలో ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. చెక్కినవాడు తొండాన్ని సరిగా తీర్చలేదు. అంత చిన్న బొమ్మలో తొండం పొట్టిగా, ముట్టెలాగా కనబడి అది ఏనుగు కాదు పంది అన్న మాట బజార్లో పాకింది. ముస్లింలకు అది ఎంత అభ్యంతరమో ప్రభుత్వానికి వెంటనే తెలిసొచ్చింది. కొట్టిన 94 లక్షల్లో ఏడు లక్షల వరకే బయటికి వెళ్ళాయి. మిగతావి ఆపి కరిగించేశారు. 1912 నుంచి తొండం బారుగా, స్పష్టంగా ఉన్న కొత్త అచ్చు వచ్చింది. నాణేలవాళ్ళు దీన్ని "పిగ్ రూపీ" అనే పిలుస్తారు. ఇది మరీ దొరకనిదేం కాదు. కానీ దాని వెనక కథ ఉంది, అందరూ కావాలంటారు, అందుకే 1918 దానికంటే ఎప్పుడూ పై మెట్టు మీద ఉంటుంది.

ఇక 1939. యుద్ధం ముంచుకొచ్చింది, మళ్ళీ జనం వెండి దాచుకోవడం మొదలైంది. 1940 నుంచి ప్రభుత్వం రూపాయిలో వెండిని 91.7 శాతం నుంచి సగానికి సగం, అంటే 50 శాతానికి దించేసింది. అప్పటికే కొట్టిన 1939 మంచి వెండి రూపాయలు చాలావరకు కొలిమిలోకే పోయాయి. మిగిలినవి చాలా తక్కువ. వయసులో మూడింటిలో ఇదే చిన్నది, ధరలో మిగతా రెండూ దీని దరిదాపుల్లోకి రావు.

కాబట్టి నాణెం ధరకు వయసు కొలబద్ద కాదు. ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి, చేతికొచ్చేసరికి ఎలా ఉంది అన్నవే చూస్తారు. దీనికి ఇంకో గట్టి ఉదాహరణ మన నేల మీదే ఉంది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శాతవాహనుల తొలి నాణేలు, ఆ వంశ మూలపురుషుడు సిముకుడి పేరున్నవి కూడా, బయటపడ్డాయి. చరిత్రకారులకు అవి అమూల్యం. అయినా అరిగిపోయి అక్షరాలు కనబడని శాతవాహన సీసపు నాణేలు వేలంపాటల్లో కొన్ని వందల రూపాయలకే అమ్ముడుపోవడం మామూలే. రెండు వేల ఏళ్ళ నాణెం వందల్లో, ఎనభై చిల్లర ఏళ్ళ నాణెం వేలల్లో. వినడానికి అన్యాయంగా ఉంటుంది కానీ బజారు తీరు అదే.

చింతపండు చేసిన నష్టం

పదేళ్ళ క్రితం మా అమ్మమ్మ పెట్టెలో ఒక 1862 విక్టోరియా రూపాయి దొరికింది. నల్లగా, అక్కడక్కడా నీలం, వంకాయ రంగు మెరుపుతో ఉంది. మురికి పట్టిందనుకున్నాను. వెండి కుందులు తోమినట్టే చింతపండు, ఉప్పు పెట్టి తోమేశాను. తళతళలాడింది. ఆ మెరుపు చూసి మురిసిపోయి ఒక పాత సేకర్తకు చూపిస్తే ఆయన ఏమీ అనలేదు, నాణేన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి, సన్నటి గీతలు చూపించి, నా చేతిలో పెట్టేశాడు. ఆ నలుపు మురికి కాదని, వెండి మీద నూట యాభై ఏళ్ళుగా కట్టిన సహజమైన పొర అని, దాన్ని చూసే నాణెం నిజమైనదో కాదో చాలామంది పోల్చుకుంటారని అప్పుడు తెలిసింది. ఒకసారి తోమిన నాణెం మళ్ళీ తోమని నాణెం కాదు.

సంతలో మెరిసే పాత నాణెం కనబడితే అందుకే నేను ముందు వెలుగులో వంచి చూస్తాను. టంకశాల నుంచి కొత్తగా వచ్చిన మెరుపైతే నాణెం తిప్పుతున్నకొద్దీ వెలుగు చక్రంలా తిరుగుతుంది. తోమిన మెరుపు చదునుగా, అద్దంలా ఒకే చోట ఉండిపోతుంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. వెండి రూపాయలు ఎన్నో నగలయ్యాయి. కాసులపేర్లు, పిల్లల మొలతాళ్ళకు కట్టిన బిళ్ళలు, లంబాడా ఆడవాళ్ళ రూపాయల దండలు, అన్నిటికీ నాణేల మీద కొక్కెం అతికించేవాళ్ళు. తర్వాత ఎప్పుడో ఆ కొక్కెం పీకేసి, అతుకు రాకి, నాణెంగా మళ్ళీ అమ్ముతారు. అంచు మీద పన్నెండు గంటల ముల్లు ఉండే చోట గోరుతో తడిమి చూడండి. గీతల అంచు అక్కడ నున్నగా ఉంటే, లేదా రంగు కాస్త వేరుగా ఉంటే ఆ నాణెం ఒకప్పుడు ఎవరి మెడలోనో వేలాడిందన్నమాట. నాకైతే అలాంటి నాణెం అంటే ఇష్టమే. కానీ వెండి ధరకు మించి పైసా ఇవ్వను.

నాణెం ఎంత అరిగిందన్నదానికి సేకర్తలు వాడే మాటలు ఇంగ్లీషు నుంచి వచ్చినవే: ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్, అసలు వాడకంలోకి రానిదైతే యుఎన్‌సి. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే మామూలు నాణేలకే ధర రెట్టింపవుతుంది. ఇందులో అమ్మేవాడికీ కొనేవాడికీ ఎప్పుడూ రగడే. తన నాణెం ఒక మెట్టు పైనే ఉందని ప్రతివాడికీ అనిపిస్తుంది. నాణేన్ని దాని మెట్టు తేల్చే గ్రేడింగ్ సంస్థకు పంపి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి తెచ్చుకోవచ్చు. 1918 రూపాయిని అలా పంపడం మాత్రం పావలా కోడికి ముప్పావలా మసాలా.

చార్మినార్ వాకిట్లో ఒక అక్షరం

హైదరాబాద్ సంతల్లో తిరిగేవాడికి బయటివాళ్ళకు లేని ఒక లాభం ఉంది: నిజాం నాణేలు. తెలంగాణలో పెద్దవాళ్ళు "హాలీ సిక్కా", "కల్దారు" అనే మాటలు ఇప్పటికీ వాడతారు. హాలీ నిజాంది, కల్దారు ఇంగ్లీషు వాళ్ళది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు ఇచ్చేవాళ్ళు. నిజాం రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. కల్దారు కంటే బరువూ తక్కువే, వెండీ తక్కువే, కాబట్టి ఆ మారకం న్యాయంగానే ఉందనుకోవాలి.

ఈ నాణేల మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. కొత్తవాళ్ళు బొమ్మ చూసి సంబరపడి అక్కడే ఆగిపోతారు. అసలు చూడాల్సింది చార్మినార్ మధ్య వాకిట్లో ఉన్న ఒక చిన్న ఉర్దూ అక్షరం. "మీమ్" ఉంటే మీర్ మహబూబ్ అలీఖాన్ కాలం, అంటే 1911 దాకా కొట్టినది. "ఐన్" ఉంటే మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం. ఆ ఐన్‌ను మొదట్లో ఒకలా, తర్వాత ఇంకోలా చెక్కారు. ఆ తేడాతోనే ధర మారే నాణేలు ఉన్నాయి. అంత చిన్న అక్షరం కోసం భూతద్దం తీస్తే పట్టా యజమాని వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

ఇంకో తికమక: నిజాం నాణేల మీద 92 అన్న అంకె కనిపిస్తుంది. అది సంవత్సరమనుకుని "1892ది సార్" అని అమ్మేవాళ్ళను చూశాను. అది సంవత్సరం కాదు. అరబిక్ అక్షరాలకు అంకెలు కట్టే పద్ధతిలో మహమ్మద్ పేరు విలువ 92. అసలు సంవత్సరం వేరే చోట, హిజ్రీ లెక్కలో (క్రీ.శ. 622 నుంచి లెక్కపెట్టే ఇస్లామిక్ క్యాలెండర్), అరబిక్ అంకెల్లో ఉంటుంది. హిజ్రీ ఏడాది మనం వాడే క్యాలెండర్ ఏడాది కంటే పదకొండు రోజులు చిన్నది కాబట్టి నేరుగా 622 కలిపితే తప్పొస్తుంది. హిజ్రీ సంవత్సరంలోంచి నూటికి మూడు చొప్పున తీసేసి, అప్పుడు 622 కలపాలి. 1329 అయితే సుమారు 1911 వస్తుంది, 1361 అయితే 1942. అరబిక్ అంకెలు పదే కదా, ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. పది అంకెలు నేర్చుకున్నంత మాత్రాన సంతలో ఇంత ఉపయోగం ఇంకే చదువుతోనూ నాకు కలగలేదు.

ఈ నాణేలు కొట్టిన టంకశాల ఇప్పటికీ నడుస్తోంది. 1803లో నిజాం కాలంలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు మారి, 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చి, 1997లో చర్లపల్లికి వెళ్ళింది. మింట్ కాంపౌండ్ అని నగరవాసులు పిలిచే ఆ సైఫాబాద్ ఆవరణలో 2022లో మ్యూజియం తెరిచారు. సంతకు వెళ్ళే ముందు అక్కడ ఒక పూట తిరిగితే కళ్ళు అలవాటు పడతాయి.

కోస్తావాళ్ళకు కూడా సొంతమనిపించే నాణేలున్నాయి. ఇవాళ మనం సొమ్ముకు వాడే "డబ్బు" అనే మాట ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. 1794లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న జిల్లాల కోసం, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో యంత్రం మీద రాగి నాణేలు కొట్టించింది. దాని మీద "48 అయితే ఒక రూపాయి" అన్న అర్థంతో ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అవి సంతల్లో అప్పుడప్పుడూ బాగా అరిగిన స్థితిలో కనబడతాయి. అదే ఊళ్ళో మద్రాసు కోసం కొట్టిన 1808 నాటి పది కాసులు, ఇరవై కాసుల నాణేలు అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడలో బయల్దేరాయి. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరం దాటకుండానే తుఫానులో మునిగిపోయింది. 1980ల్లో ఈతగాళ్ళు వాటిని టన్నుల కొద్దీ పైకి తీశారు. అందుకే రెండు వందల ఏళ్ళు దాటిన నాణెమైనా అది చవకగానే దొరుకుతుంది. మళ్ళీ అదే సూత్రం: ఎన్ని మిగిలాయన్నదే లెక్క.

దొంగ సరుకు

సంతలో దొరికే నకిలీలు రెండు రకాలు. నిజంగా ఉన్న నాణేనికి నకలు ఒక రకం. అసలు ఎప్పుడూ లేని నాణెం ఇంకో రకం.

రెండో రకంతో మొదలుపెడతాను, ఎందుకంటే మన ఇళ్ళలో ఇదే ఎక్కువ. ఒక వైపు రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు. ఇంకో వైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనో 1717 అనో 1616 అనో సంవత్సరం, "అరణా" అనో "ఒక అణా" అనో విలువ. కంపెనీ అలాంటి నాణేలను చలామణీ కోసం ఎప్పుడూ కొట్టలేదు. ఇవి తర్వాత కాలంలో తయారైన బిళ్ళలు. వీటికి ఇంత నమ్మకం ఎందుకు ఏర్పడిందంటే అబద్ధానికి కాస్త నిజం తోడైంది. దేవుడి బొమ్మతో రామటెంకిలు అనే బిళ్ళలు నిజంగానే ఉండేవి, పూజకు. మద్రాసులో కంపెనీ కొట్టించిన బంగారు వరహాల మీద వేంకటేశ్వరుడు ఇద్దరు దేవేరులతో ఉన్న బొమ్మ కూడా నిజమే. ఈ రెండు నిజాల సందులోంచి ఆ నకిలీ రాగి అణా దూరింది. పూజలో ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు, నాణెమని మాత్రం అమ్మకూడదు, కొనకూడదు.

మొదటి రకానికి 1939 రూపాయి రాజు. దాన్ని ఎంత మంది కావాలంటారో నకిలీవాళ్ళకు బాగా తెలుసు. అందుకే మొదట చెప్పిన ఆ పళ్ళెంలో 1911, 1939 పక్కపక్కనే కనబడితే అనుమానించమన్నాను. ఎవరో దొరకని సంవత్సరాలు ఏరి మరీ నకళ్ళు పోయించి, నాలుగు మామూలు నాణేల మధ్య చల్లి ఉంటారు. నేను ఒకసారి ఒక సంతలో సరిగ్గా అలాగే మోసపోయాను. పేరు చెప్పను. ఇంటికొచ్చి తూస్తే 9.9 గ్రాములు.

ఆ అనుభవం తర్వాత నా జేబులో ఎప్పుడూ చిన్న డిజిటల్ కాటా ఉంటుంది, నగల కొట్లో వాడేలాంటిది. వెండి బరువైన లోహం. అదే సైజులో రాగి, నికెల్ కలిపి పోస్తే బరువు గ్రాము, గ్రామున్నర తగ్గుతుంది. బరువు సరిచేయాలంటే మందం పెంచాలి, అప్పుడు అంచు పట్టిస్తుంది. బాగా అరిగిన అసలు రూపాయి కూడా 11.4 వరకు దిగొచ్చు, కానీ అంత అరిగితే రాజు ముఖమూ అరగాలి. ముఖం నిగనిగలాడుతూ బరువు మాత్రం తగ్గిందంటే పక్కన పెట్టేయండి.

ఇంట్లో అయితే ఇంకో పరీక్ష ఉంది. కాటా మీద గ్లాసులో నీళ్ళు పెట్టి, సున్నాకు తెచ్చి, దారానికి కట్టిన నాణేన్ని అడుగుకీ అంచులకీ తగలకుండా నీళ్ళలోకి దించండి. 91.7 శాతం వెండి రూపాయి అయితే కాటా 1.13 గ్రాముల దగ్గర ఆగుతుంది. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి 1.22 దాకా చూపిస్తుంది. నాణెం తనంత చోటులో నీటిని పక్కకు నెడుతుంది, ఆ నీటి బరువే కాటా చూపించేది. గీయనక్కర్లేదు, రుద్దనక్కర్లేదు, యాసిడ్ పెట్టనక్కర్లేదు.

అయస్కాంతం గురించి ఒక హెచ్చరిక. వెండికి అయస్కాంతం అంటదు, కాబట్టి అంటుకుంటే నకిలీ అని అందరూ చెబుతారు. 1947 రూపాయికి ఈ మాట వర్తించదు. వెనకవైపు పులి నడుస్తున్న ఆ రూపాయి నికెల్‌ది, నికెల్‌కు అయస్కాంతం అంటుకుంటుంది. అంటుకోకపోతేనే అనుమానించాలి. పులి రూపాయిని "దొంగది" అని పక్కన పారేసినవాళ్ళను చూసి, పారేసినచోటే చవకగా కొనుక్కున్నవాళ్ళున్నారు.

పోత పోసిన నకిలీకి చర్మం ఉంటుంది అంటారు. భూతద్దంలో చూస్తే సూదిమొనంత గుంటలు, సబ్బు అరిగినట్టు మెత్తబడిన అక్షరాల అంచులు, నాణెం అంచు చుట్టూ సన్నటి అతుకు గీత. టంకశాలలో కొట్టిన నాణేనికి అక్షరం అంచు పదునుగా లేస్తుంది. ఇది మాటల్లో చెప్పేది కాదు, పది అసలు నాణేలు చేత్తో పట్టుకుని చూస్తే వచ్చేది.

పావలా, అర్ధ, ఆ పది లక్షల మాట

పళ్ళెంలో ఎక్కువ భాగం మాత్రం స్వాతంత్ర్యం తర్వాతి నాణేలే. 1957 ఏప్రిల్ 1న అణాల లెక్క పోయి నయాపైసలు వచ్చాయి. 1964లో "నయా" తీసేశారు. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. వీటిలో ఆసక్తి ఉన్నది సంవత్సరం కింది గుర్తులో. వజ్రం ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. హైదరాబాద్‌ది మొదట్లో నక్షత్రం కాదు, చీలిన వజ్రం, తర్వాత మధ్యలో చుక్క ఉన్న వజ్రం. 1980ల్లో, 90ల్లో మన టంకశాలలకు పని ఎక్కువై బ్రిటన్, కెనడా, దక్షిణ కొరియా, మెక్సికో, స్లొవేకియా, దక్షిణాఫ్రికాల్లో కూడా నాణేలు కొట్టించారు, వాటి గుర్తులు వేరు. ఒకే సంవత్సరం, ఒకే నాణెం, గుర్తు మారితే ఒకటి మామూలుది, ఇంకొకటి వెతుక్కోవాల్సింది. చవకగా నేర్చుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు.

ఇక 1968 నుంచి వచ్చిన పసుపు రంగు ఇరవై పైసలు, తామర పువ్వు ఉన్నది. అందులో బంగారం ఉందని ప్రతి ఊళ్ళోనూ ఒక పెద్దమనిషి చెబుతాడు. లేదు. రాగి, అల్యూమినియం, కాస్త నికెల్. అంతే. మాతా వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలు 2012లో వచ్చాయి, చిల్లరలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటికి పది లక్షలిస్తామని వచ్చే ఫోన్లలో ముందు "రిజిస్ట్రేషన్ ఫీజు" అంటారు, తర్వాత "జీఎస్టీ" అంటారు, తర్వాత ఫోను ఎత్తరు. రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చి మరీ చెప్పింది: పాత నాణేల, నోట్ల కొనుగోలులో తమకు సంబంధం లేదు, ఎవరి దగ్గరా ఏ రుసుమూ అడగం అని. బియ్యాన్ని లాగే నాణెమని చెప్పే రైస్ పుల్లింగ్ సంగతి కూడా అంతే. బియ్యంలో ఇనుము కలిపి ఉంటుంది, నాణెంలో అయస్కాంతం ఉంటుంది, మన జేబులో డబ్బు ఉండదు.

ఎంతకు కొనాలన్నది ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న. అమ్మకానికి పెట్టినవాడు చెప్పే ధర ధర కాదు, ఎవరో నిజంగా కొన్న ధరే ధర. టోడీవాలా, మరుధర్ ఆర్ట్స్ లాంటి వేలం సంస్థలు ఏ నాణెం ఎంతకు పోయిందో బయటపెడతాయి. బయల్దేరే ముందు ఓ అరగంట అవి చూసుకుని వెళితే సంతలో నోరు ధైర్యంగా పెగులుతుంది. కావాల్సిన నాణేన్ని మొదట పట్టుకోకండి. పక్కనున్న రెండు మూడు అడిగి, చివర్లో ఇది కూడా కలిపి ఎంత అనండి. ఇది మా నాన్న కూరగాయల బజార్లో వాడే ఎత్తు, పాత నాణేల దగ్గరా పనిచేస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో చెప్పి ఆపేస్తాను. "పొలం దున్నుతుంటే దొరికింది సార్" అన్న నాణేన్ని ముట్టుకోవద్దు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లో ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాల్సిందే. వందేళ్ళు నిండిన నాణేలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటిని దేశం దాటించడం నేరం.

ఈ రెండోది మా ఇంట్లోనే చర్చకొచ్చింది. డల్లాస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు అక్కడి గరాజ్ సేళ్ళలో 1964, అంతకుముందు పావు డాలర్లు ఏరుతుంటాడు, 90 శాతం వెండి ఉంటుందని. పోయినసారి వచ్చినప్పుడు తాతయ్య రూపాయలు కొన్ని తీసుకెళ్తానన్నాడు. అన్నీ 1918, 1919వి. "అన్నయ్యా, అవి దేవుడి గదిలోనే ఉండనీ" అని చెప్పి నా దగ్గరున్న 1947 పులి రూపాయి ఒకటి చేతిలో పెట్టాను. దానికి 2047 దాకా టైముంది.